తమ్ముడి కార్డు

అమ్మ లోపలికెళ్ళి పావుగంటయింది. తలుపు మూసే ముందు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను బెంచీ మీంచి సగం లేచాను, చూడలేదు, లేచినవాణ్ణి అలాగే కాసేపు వంగి నిలబడి, ఎవరైనా గమనించారేమోనని నడుం నొక్కుకుంటున్నట్టు నటించి మళ్ళీ కూర్చున్నాను. గమనించడానికి ఎవరున్నారు గనక. ఎదురుగా అద్దాల బీరువాలో రంగు వెలిసిన కప్పులు, గోడ మీద చచ్చిపోయిన లీగు పెద్దల ఫొటోలు, వరండా చివర చీపురు పట్టుకున్న ఒకావిడ. కింద రొట్టెల బట్టీ, ఆ వాసన మెట్లెక్కి వచ్చి ముక్కులో దూరుతోంది, పొద్దుట్నించీ ఏమీ తినలేదు, తిన్నా దిగదు. లోపల కమిటీవాళ్ళు ముగ్గురు, మా క్లబ్బు ప్రెసిడెంటు ఎవారిస్తో, అవతలి క్లబ్బు తరఫున ఫిర్యాదు పెట్టిన సిప్రియానో మాస్టారు, బల్ల మీద ఒట్టు వేయించడానికి ఒక శిలువ, దాని ముందు మా అమ్మ సబీనా. ఆవిణ్ణి అడగాల్సింది ఒకటే ప్రశ్న. ఫిబ్రవరిలో చచ్చిపోయింది నీ ఇద్దరు కొడుకుల్లో ఎవడమ్మా? దానికి ఇంతసేపా? యెర్సన్ అంటే నిజం. అప్పుడు ఆదివారం ఆట లేదు, కోపా పెరూ ఫుట్‌బాల్ పోటీల్లో మా ఊరు ఎనిమిది నెలలు ఆడిందంతా బూడిదలో పోసిన పన్నీరు, తమ్ముడి లీగు కార్డు మీద ఆడినందుకు నేను జైలుకి, ఊరు మా ఇంటి మీదకి రాళ్ళతో. ఫౌస్తినో అంటే అబద్ధం. అప్పుడు అందరూ బాగుంటారు, క్లబ్బు ఆడుతుంది, ఊరు తాగుతుంది, జైలు లేదు. ఫౌస్తినో అంటే నేను.

నిజం బయటికి రావాలనే ఉంది నాకు. ఆవిడే చెప్పాలి, నేను కాదు. నా పెద్దకొడుకు బతికే ఉన్నాడు, అదిగో బయట బెంచీ మీద కూర్చున్నాడు, వాడి పేరు ఫౌస్తినో అని ఆ నోటితో ఒక్కసారి అంటే చాలు, తరవాత సంకెళ్ళు వేసుకోనీ, వేసుకుంటూ నవ్వుతాను కూడా. సిగ్గులేకపోతే సరి, ముప్పై ఏళ్ళొచ్చాయి, అమ్మ పేరు పెట్టి పిలవాలని ఏడుస్తున్నాను. “కాళ్ళెత్తు బాబూ,” అంది చీపురావిడ, ఎత్తాను, చీపురు ఆగింది. “నువ్వు యెర్సన్‌వి కదూ? పదో నెంబరు? మా ఆయన నీ పేరు చెప్పి రెండు సీసాలు ఎక్కువ తాగుతాడు, నీ దుంప తెగ!” అంది నవ్వుతూ. అవునన్నాను. అలవాటైపోయింది. నిద్రలో తన్ని లేపి అడిగినా అవుననే అంటాను. “మీ అన్నయ్య పోయాడటగా పాపం,” అంది. దానికీ అవునన్నాను.

పోయింది తమ్ముడు. కార్నివాల్ వారం, వానలు, ఎవారిస్తో లారీలో సిమెంటు బస్తాల మీద కూర్చుని వస్తున్నాడు, కొండ వాలు రోడ్డుతో సహా జారింది, డ్రైవరు దూకాడు, యెర్సన్ బస్తాల కింద. లారీకి కాయితాల్లేవు, బ్రేకులున్నాయో లేవో దేవుడికే తెలియాలి, అందుకని పోలీసుల దాకా వద్దన్నాడు ఎవారిస్తో, మూడో రోజుకి పూడ్చేశాం. తడిసిన సిమెంటు వాడి జుట్టులో గడ్డకట్టింది. ఎంత కడిగినా వదల్లేదు, అమ్మ ఒక్కో వెంట్రుకా పట్టుకుని గోరుతో గీకింది, పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, “నాయనా, నొప్పెడుతోందా నాయనా” అని అడుగుతూ. నన్నెప్పుడూ నాయనా అనలేదు. నన్ను ఒరేయ్ అంటుంది, లేకపోతే ఈయనగారు అంటుంది, ఈయనగారు లేచారు, ఈయనగారు బంతి పట్టుకుని బయల్దేరారు. తమ్ముడు లేచినా, పడుకున్నా, గోల్ కొట్టినా, అద్దం పగలగొట్టినా నాయనే. ఐదో రోజు మామూలు ప్రకారం ఏటికెళ్ళి చచ్చినవాడి బట్టలు ఉతుకుతున్నాం, కాల్చేవి ఒక కుప్ప, ఉంచేవి ఒక కుప్ప, ఆ చల్లటి నీళ్ళలో వేళ్ళు కొయ్యలైపోయి ఉంటే ఎవారిస్తో గట్టు మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఆ పదో నెంబరు చొక్కా మాత్రం కాల్చకు సబీనమ్మా. వాడి కార్డు వచ్చేసింది. ముద్ర కూడా పడింది. కొత్తవాణ్ణి రాయించడానికి గడువు లేదు.”

“వాడే పోయాక కార్డేం చేసుకుంటావయ్యా, నాకుతావా?” అంది అమ్మ తలెత్తకుండానే.

“కార్డుంది, కాళ్ళే లేవు. నీ ఇంట్లో ఇంకో జత ఊరికే పడున్నాయి గదా.”

ఇంకో జత అంటే నావి. అవి ఊరికే పడుండటానికి కారణం, అంతకు ముందు సీజన్లో లైన్స్‌మన్ చేతిలో జెండా లాక్కుని దాంతోనే వాడి చెవి మీద ఒకటి తగిలించాను, మూడేళ్ళు ఆడకూడదన్నారు. ఆఫ్‌సైడ్ కాదది. ఇప్పటికీ చెబుతాను, కాదు. మూడేళ్ళ తరవాత తిరిగొచ్చి ఏం చెయ్యాలి, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ గొర్రెల్ని కాయాలా? అందుకే ఎవారిస్తో నోటి వెంట ఆ మాట రాగానే, తమ్ముడి చొక్కా చేతిలో నీళ్ళోడుతుంటే, తమ్ముడు పోయి ఐదు రోజులైనా కాకుండానే, నా ఒళ్ళంతా ఝల్లుమంది. సంతోషంతోనే. ఇది ఎవరికీ చెప్పలేదు. అమ్మ చూసిందనుకుంటాను, ఎందుకంటే చొక్కా నా చేతిలోంచి లాక్కుని, పిండి, తనే ఆరేసింది.

చావు ఎక్కడా నమోదు చెయ్యొద్దు, సీజన్ అయ్యేదాకా శిలువ మీద పేరు రాయొద్దు, మిగతాది నేను చూసుకుంటానన్నాడు ఎవారిస్తో. మిగతాది అంటే ఎడమ కనుబొమ్మ. మేమిద్దరం ఒకే అచ్చు, ఏడాది తేడా, కానీ వాడి కనుబొమ్మ మీద చిన్నప్పటి గాటు కార్డు ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎవారిస్తో కొట్టు వెనక, మేకుల డబ్బాల మధ్య స్టూలేసి కూర్చోబెట్టారు, మంగలి ఒలెగారియో కొత్త బ్లేడు తీశాడు. అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది, చూడనంది, పాపం మీదేనంది, మీ చేతులు పుచ్చిపోనూ అంది. బ్లేడు ఆనించగానే లేచి వచ్చింది. “అక్కడ కాదు. ఇంకొంచెం పైన. ముక్కువైపు తిరిగుండేది,” అని బొటనవేలి గోటితో నొక్కి చూపించింది. కోశాక రక్తం కంట్లోకి కారుతుంటే నా మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వెలుతురువైపు తిప్పి చూసింది, చాలాసేపు చూసింది, తన శాలువా కొంగుతో తుడిచింది. చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడైనా అలా పట్టుకున్నట్టు గుర్తులేదు. నన్నే చూస్తోందనుకున్నాను, గాడిదని.

లోపల ఎవరో గొంతు పెంచారు. మాస్టారిదే, బడిలో ఎక్కం చెప్పినట్టు మాట్లాడతాడు. మళ్ళీ తగ్గింది. అమ్మ వెళ్ళి ఇరవై ఐదు నిమిషాలు. మొదటి ఆట రోజు ఇలాగే మధ్యాహ్నం ఎండ, మా మట్టి మైదానం, గోల్‌కి వల ఉండదు, పంది అడ్డమొస్తే ఆట ఆగుతుంది. అమ్మ శాలువాలో రాళ్ళు కట్టుకుని వచ్చింది, ఎవారిస్తో తల పగలగొట్టడానికే. “నా బిడ్డని పూడ్చినా వదలవేంరా, నీ వంశం నాశనమైపోనూ!” అని గీత పక్కనే నిలబడి శాపనార్థాలు. ఇరవయ్యో నిమిషంలో నేను ఎడమకాలితో కొట్టాను, లోపల పడింది, ఊరు ఊరంతా యెర్సన్! యెర్సన్! అని లేచింది. వాడి శవపేటిక మోసినవాళ్ళే ముందు వరసలో, మోసిన భుజాల మీదే పిల్లల్ని ఎత్తుకుని అరిచారు, అందరికీ తెలుసు, తెలిసే అరిచారు. నేను అమ్మవైపు చూశాను. శాలువా ముడి విప్పి రాళ్ళు ఒక్కొక్కటే కింద పెట్టింది. పెట్టి కూర్చుంది. ఆ తరవాత ఒక్క ఆట తప్పలేదు, అభిమానుల లారీలో డోలు వాయించేవాళ్ళ మధ్య నిలబడి నదులు దాటింది, రెఫరీని రొట్టెల బండిలో దాచి తప్పించిన ఊళ్ళో, మా బస్సు అద్దాలన్నీ పగిలిన ఊళ్ళో, అందరూ పారిపోతుంటే ఆవిడ మాత్రం మైదానంలో కూర్చునే ఉంది, ఇంకోసారి అంటారేమోనని. ఆవిడ ఆట చూడ్డానికి రాలేదు. బంతి ఎటుపోతోందో ఆవిడకి అక్కర్లేదు. అరుపు కోసం వచ్చింది. మూడువేలమంది వాడి పేరు అరుస్తుంటే కళ్ళు మూసుకుని వింటుంది.

దాంతో నేను గోల్స్ కొడుతూ పోయాను, ఎవరి కోసం కొడుతున్నానో తెలిసే. పదిహేడు. పదిహేడూ వాడివే. జులైలో పెనాల్టీ గోడమీంచి అవతలి వీధిలోకి తన్నాను, అప్పుడు గుర్తొచ్చింది ఊరికి నా పేరు. “ఫౌస్తినోలా తన్నావేంట్రా వెధవా!” అని వెనక నుంచి ఎవరో అన్నారు, జనం పగలబడి నవ్వారు, అమ్మ కూడా ఇంటికొచ్చాక “ఫౌస్తినో, నీ మొహం మండా” అంది. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ నన్ను నా పేరుతో పిలిచింది అదొక్కసారే. పడితే యెర్సన్, పోతే ఫౌస్తినో. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు, మావాడికైతే కళ్ళే కాదు, కాళ్ళూ చారెడే, పైగా నావి. తరవాత్తరవాత ఇంట్లో కూడా వాడి పేరే, నోరు జారకుండా అలవాటు చేసుకుంటున్నానంది. రాత్రిపూట, పొయ్యి దగ్గర, ఎవరూ లేనప్పుడు కూడా అలవాటేంటని నేను అడగలేదు.

రొట్టెల వాసన ఎక్కువైంది, రెండో వాయి తీస్తున్నట్టున్నారు. ఆ రోజూ ఇదే వాసన, నవంబరు ఒకటి, చచ్చినవాళ్ళు తిరిగొచ్చి తినిపోయే పండగ, పసిపాపల ఆకారంలో రొట్టెలు. కొత్తగా పోయినవాడికి మూడేళ్ళు సమాధి దగ్గర భోజనం బల్ల వెయ్యాలి, మొదటి ఏడు వాడి ఆకలి మరీ ఎక్కువట, పొలిమేర దాటుతూ పరిగెత్తుకొస్తాడట. ఈ ఏడొద్దు సబీనమ్మా, వచ్చే ఏడు నేనే గొర్రెని కోయిస్తానని ఎవారిస్తో బతిమాలాడు. “వాడు ఏడాది పస్తుండాలా? నీ గొర్రె కోసం?” అంది. వేసింది. పేరులేని శిలువ ముందు తెల్లగుడ్డ పరిచి, వేరుశెనగ పులుసులో వేసిన గినీ పంది, పెద్దగింజ మొక్కజొన్న, పంది తోలు వేపుడు, మిరప ముద్ద, బీరు సీసా, అన్నీ వాడికిష్టమైనవి. నేను బీరు సీసా మూత తీస్తున్నాను. అప్పుడొచ్చాడు సిప్రియానో మాస్టారు. ఉండేది కింది లోయలో, పనిచేసేది ఆ ఊరి క్లబ్బుకి, కానీ పెళ్ళి చేసుకుంది మా ఊరి పిల్లని, మామగారికి బల్ల వెయ్యడానికి వచ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి ప్రార్థన చెబితే రొట్టె ఇవ్వాలి, అదీ మామూలే. టోపీ తీసి మా అమ్మ ముందు నిలబడి అడిగాడు, అందరూ అడిగేదే. “ఎవరి పేరు మీద చెప్పమంటావమ్మా?”

పేరు చెప్పకపోతే ప్రార్థన చేరదు. తప్పు పేరు చెబితే ఇంకెవడో వచ్చి తినిపోతాడు, అసలువాడు శిలువ పక్కన నిలబడి చూస్తుంటాడు. మాకు తెలిసిందంతే, మా తాతలకీ అంతే తెలుసు. నేను బీరు సీసా పట్టుకునే తల అడ్డంగా ఊపాను. కళ్ళతో బతిమాలాను. అమ్మ నన్ను చూసింది, శిలువని చూసింది. “యెర్సన్ కావనా. నా చిన్నోడు,” అంది, ఇంటిపేరుతో సహా. మాస్టారు ఒక్క క్షణం ఆగాడు. అంతకు ముందు ఆదివారమే వాళ్ళ ఊళ్ళో వాళ్ళ మీద నేను గోల్ కొట్టి ఒకటి ఒకటి చేసొచ్చాను, ఆయనే కొట్టుకున్నాడు తల. ఆగి, కళ్ళు మూసుకుని మూడు ప్రార్థనలు చెప్పాడు, ఒక్కమాట మింగకుండా, మంచివాడే. రొట్టె తీసుకుని అక్కడే చివరి తునక దాకా తిన్నాడు. తిని, చేతులు దులుపుకుని, ఫోను తీసి బల్లకి ఫొటో కొట్టాడు. “ఏమనుకోకు తల్లీ. ప్రార్థన ప్రార్థనే, ఆట ఆటే,” అన్నాడు.

ఎవారిస్తో ఊరుకుంటాడా. నిన్న నా చావు నమోదైంది. సాక్షులు ఇద్దరు, మంగలి ఒలెగారియో, మా గోల్‌కీపరు. కారణం న్యుమోనియా అట, నాకెప్పుడూ దగ్గైనా రాలేదు. మొన్న సమాధి దగ్గర శిలువ మీద పేరు రాసింది నేనే, బతుకుతెరువు బోర్డులు రాయడమే కదా, ఫౌస్తినో కావనా అని అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా వచ్చాయి, ఇంతకన్నా బాగా ఏ బోర్డూ రాయలేదు. “కొత్తగా మెరిసిపోతోంది, కొంచెం బురద పుయ్యి, తొమ్మిది నెలలు తడిసినట్టుండాలి,” అన్నాడు ఎవారిస్తో వెనక నిలబడి. పూశాను. కింద పడుకున్నవాడు నవ్వి ఉంటాడు. వాడు మంచివాడు, అదే నా ఖర్మ, వాణ్ణి ద్వేషించడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

ఇప్పుడు లోపల ఏమీ వినబడటం లేదు. ఇందాకటి నుంచీ ఒక్క గొంతూ లేదు, కుర్చీ చప్పుడు కూడా లేదు. తలుపుకి చెవి ఆనించాను, చీపురావిడ చూస్తే చూసింది. నిశ్శబ్దం. గడియారం నడుస్తోంది, ఒక నిమిషం, రెండు, ఐదు. నాకర్థమైంది. అడిగేశారు. చచ్చిందెవడని అడిగేశారు, అమ్మ చెప్పలేకపోతోంది. సమాధి దగ్గర బల్లముందు తప్పు పేరు చెప్పలేని మనిషి, శిలువ చేతిలో పెడితే చెబుతుందా? నన్ను చంపలేకపోతోంది. నోరు రావటంలేదు ఆవిడకి, ఆ ఫౌస్తినో అన్న మాట గొంతులో అడ్డం పడింది. ఎనిమిది నిమిషాలు. ఒరేయ్ యెర్సన్, విన్నావా, నా కోసం ఎనిమిది నిమిషాలు! అమ్మా వద్దులే, చెప్పేయ్, అబద్ధమే చెప్పేయ్, నాకిది చాలు. పళ్ళు ఇకిలించుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. హఠాత్తుగా ఆకలేసింది. ఆ రొట్టెల బట్టీలో ఏదో మాడినట్టుంది, ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. నాకు మాడంటే ప్రాణం. పాల జావ కాస్తే కుండ అడుగున గోధుమరంగులో అంటుకుంటుందే, అది. అమ్మ కుండ దించి అటు తిరగ్గానే చెంచాతో గీకి తినేవాణ్ణి, బర్రుబర్రుమని చప్పుడు, ఆ చప్పుడుకి ఇటు తిరిగి “కుండ కూడా మింగు, తిండిపోతు” అనేది. పదేళ్ళప్పుడూ తిన్నాను, మొన్న ఆదివారం కూడా. ఇంటికెళ్ళగానే జావ కాయమంటాను. ఈసారి నోరు తెరిచి అడుగుతాను.

తలుపు తెరుచుకుంది. ముందు ఎవారిస్తో వచ్చాడు, మొహం వెలిగిపోతోంది, నన్ను లేపి కావలించుకుని వీపు మీద దబదబా బాదాడు. “ఆడుతున్నావ్‌రా యెర్సన్! ఫిర్యాదు కొట్టేశారు! మీ అమ్మ అమ్మ కాదురా, గోల్‌కీపరు!” మెట్లు రెండేసి దిగుతూ వీధిలో ఎవరికో అరిచాడు, కింద అప్పుడే టపాకాయ ఒకటి పేలింది. తరవాత సిప్రియానో మాస్టారు, కాయితాలు చంకలో పెట్టుకుని, నా ముందు ఆగి టోపీ సర్దుకున్నాడు. “నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు,” అన్నాడు మెల్లగా. “తల్లే అన్నాక ఇంకేం చెయ్యను.” అమ్మ చివర వచ్చింది. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది, చెప్పుల్లోంచి కాళ్ళు తీసి పాదాలు రుద్దుకుంది.

“చెప్పావా?” అన్నాను.

“చెప్పాను.”

“శిలువ పట్టుకునే?”

“పట్టుకునే. ఫౌస్తినో పోయాడు, నా పెద్దోడు అన్నాను. వెంటనే రాసుకున్నారు.”

“వెంటనేనా? మరి అంతసేపు ఏ చప్పుడూ లేదేం?”

“ఆ మధ్య కూర్చున్న ముసలాయన ఉన్నాడే, మొండోడు, ఆయన నమ్మలేదు. మాస్టారు తీసిన ఫొటోని అరచేత్తో మూసేసి, బల్ల ఫౌస్తినోకి వేశానంటున్నావుగా, ఫౌస్తినోకి ఏమిష్టమో చెప్పు, ఇందులో ఉన్నాయో లేవో నే చూస్తా అన్నాడు.” పాదం కింద పెట్టి రెండోది పైకి తీసుకుంది. “చేతిలో శిలువుంది గదా, ఇదొక్కటైనా నిజం చెబుదామనుకున్నా. ఎంత ఆలోచించినా తట్టలేదు. నీకేమిష్టమో నాకు తెలీలేదురా. వాళ్ళు అలా చూస్తానే ఉన్నారు. చివరికి చిన్నోడికిష్టమైనవే చెప్పేశాను. చెయ్యి తీసి చూసి, సరిపోయాయన్నాడు.”

కింద రెండో టపాకాయ పేలింది. జనం అప్పుడే పోగవుతున్నారు, వాడి పేరు అందుకుంటున్నారు. నేను అమ్మ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడైనా అడుగుతుంది, మాడు అని చెబుతాను, ఒక్క ముక్కే కదా. అమ్మ తల కిటికీవైపు వంచి ఆ అరుపు వింది, కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“ఆదివారం ఆట ఎన్నింటికి నాయనా?” అంది.